రెండు ఇండ్ల నడుమ చెప్పని మాట

మా దిక్కు ప్రతి ఇంటికి ఒక రెండో ఊరు ఉంటది. సిరిసిల్ల సాలోల్లకు అది భీవండి. అక్కడ పద్మనగర్ అని ఒక పేటకు పేటే మనోల్లది. మరమగ్గాల చప్పుడు, తెలుగు బోర్డులు, బతుకమ్మ అన్నీ వాల్లతోనే పోయినయి. కోరుట్ల, జగిత్యాల దిక్కు రైతు ఇండ్లకు దుబాయి, మస్కట్, సౌదీ. మా తండాలకు ఈ రెండో ఊరు కొంచెం ఆలస్యంగ వచ్చింది. మా ముత్తాతలకు అసలు మొదటి ఊరే లేకుండె. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశాలు తిరిగినోల్లు. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ పని పోయినంక గుట్టల అంచులకు దిగిండ్రు. వీర్నపల్లి, రుద్రంగి దిక్కు గుట్టల నడుమ కనిపించే తండాలన్నీ అట్ల దిగినయే. దిగి నాలుగు తరాలు కాకముందే మల్ల మూట కట్టాల్సి వచ్చింది.

వలస ఎందుకు వచ్చింది, ఎంతమంది పోయిండ్రు అనేది నేను రాయబోతలేను. నీళ్లు, బోర్లు, అప్పు, ఏజెంటు — ఆ కథ ఈ పుస్తకం చదివే ప్రతి ఒక్కరికి ఎరికే. నాకు పట్టుకున్నది వేరే ముచ్చట. రెండు ఇండ్ల నడుమ బతికే మనిషి అక్కడి సంగతి ఇక్కడ ఏం చెప్తడు, ఏం దాస్తడు? ఇక్కడున్నోల్లు ఆయనకు ఏం దాస్తరు? ఆ దాచిన మాట చివరికి ఎక్కడ పోతది? ఇది నాకు మా ఇంట్లో మొదలైంది. అయితే దాన్ని పేరు పెట్టి చూసుడు నేర్చుకున్నది మాత్రం ఎన్నడూ చూడని ఒక దేశపు నవల నుంచి.

మా బడిలో ఇంగ్లీషు చెప్పే మేడం ఒకామె 'బ్రూక్లిన్' అనే సినిమా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చింది. చూసినంక నవల అడిగి తీసుకున్న. ఇంగ్లీషు నవల నాకు నిమ్మలంగ నడుస్తది. డిక్షనరీ పక్కన పెట్టుకొని, రాత్రి పిల్లలు పండుకున్నంక నాలుగు పేజీలు, ఐదు పేజీలు. నెలన్నర పట్టింది. రాసినాయన పేరు కోలమ్ టోబీన్. ఐర్లండ్ మనిషి.

ఆయన 1955లో ఎనిస్‌కోర్తీ అనే పట్నంలో పుట్టిండు. పట్నం అంటె మన కోరుట్లలో నాలుగో వంతు కూడ ఉండదు. స్లేనీ అనే నది ఒడ్డున ఉంటది. తండ్రి బడిపంతులు. పిలగానికి 12 ఏండ్లున్నప్పుడు తండ్రి కాలం చేసిండు. చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు ఆ ఇంటోల్లంత దగ్గరున్న సముద్రపు ఒడ్డుకు పోయేది. పెద్దగైనంక డబ్లిన్‌లో చదివి, 1975లో స్పెయిన్ దేశం బార్సిలోనా పోయిండు. తర్వాత పత్రికల్లో పనిచేసిండు, నవలలు రాసిండు. ఇప్పుడు అమెరికాలో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్తడు, లాస్ ఏంజెలెస్‌లో ఒక ఇల్లు ఉన్నది. అయినా చిన్నప్పుడు పోయిన ఆ సముద్రపు ఒడ్డునే, బ్లాక్‌వాటర్ అనే ఊరి దగ్గర, ఇంకో ఇల్లు కట్టుకున్నడు. ఇటు కొన్ని నెలలు, అటు కొన్ని నెలలు.

విచిత్రం ఏందంటె ఎన్ని దేశాలు తిరిగినా నవలలు మాత్రం మల్ల మల్ల ఆ చిన్న పట్నానికే వస్తయి. 1992లో 'ద హెదర్ బ్లేజింగ్', 1999లో 'ద బ్లాక్‌వాటర్ లైట్‌షిప్', 2009లో 'బ్రూక్లిన్', 2014లో 'నోరా వెబ్‌స్టర్', 2024లో 'లాంగ్ ఐలాండ్'. అదే సందు, అదే దుకాణం, అదే ఒడ్డు. పేర్లు కూడ మార్చడు. ఊరి పేరు ఊరి పేరే, వాడకట్టు పేరు వాడకట్టు పేరే. మనమైతే కథలో మన ఊరి పేరు రాయడానికి సిగ్గుపడి 'రామాపురం' అని పెడ్తం. తండా పేరు అయితె అసలే రాయం.

'బ్రూక్లిన్' కథ చిన్నది. 1950ల ముచ్చట. ఆ పదేండ్లలో ఐర్లండ్ నుంచి దగ్గర దగ్గర 4 లక్షల మంది బయటి దేశాలకు పోయిండ్రు. దేశం మొత్తం జనాభా 30 లక్షలు కూడ లేని కాలమది. ఐలిష్ అనే పిల్లకు ఊర్లో సరైన పని దొరకదు. అక్క రోజ్, ఒక చర్చి ఫాదరు సాయంతో ఆమెను అమెరికా బ్రూక్లిన్‌కు పంపుతది. అక్కడ పెద్ద బట్టల దుకాణంలో పని, ఒక ఇంట్లో అద్దె గది. ఇంటి మీద రంధితో ఆ పిల్ల మంచం పట్టినంత పనైతది. కానీ ఇంటికి రాసే ఉత్తరాల్లో ఆ సంగతి రాయదు. వాతావరణం రాస్తది, దుకాణం రాస్తది. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల్లో కూడ అంతే, అంతా బాగే. రోజ్‌కు గుండె జబ్బు ఉన్నదని రోజ్‌కు తెలుసు. తల్లికి చెప్పదు, చెల్లెకు రాయదు. ఒకనాడు నిద్రలోనే పోతది. ఐలిష్ ఊరికి రావడానికి ముందు అక్కడ ఒక ఇటలీ పిలగాన్ని చాటుగ పెండ్లి చేసుకుంటది. ఊరికి వచ్చి ఆ మాట తల్లికి కూడ చెప్పదు. చెప్పకుండ ఉండంగ ఉండంగ ఇంకో పిలగాని మీద మనసు పోతది. చివరికి ఊరి దుకాణపామె ఒకతి ఆ గుట్టు తన దగ్గర ఉన్నదని తెలిసేటట్టు చేస్తది. ఐలిష్ మల్ల ఓడ ఎక్కుతది.

నవలలో కత్తులు లేవు, కొట్లాటలు లేవు. ఉన్నదంత చెప్పని మాటలే. నేను చదువుకుంట పోతుంటె ఒక దగ్గర పుస్తకం మూసి కూసున్న. రోజ్ జబ్బు దాచిన కాడ.

ఎందుకంటె మా యాడి కూడ అదే చేసింది. 2011లో మా తమ్ముడు సౌదీ పోయిండు. ఏజెంటు తోట పని అన్నడు. తోట అంటె మా యాడికి ఖర్జూర చెట్ల కింద నీడ కనబడ్డది. పోయిన మూడో నెల తమ్ముడు నాకు ఫోన్ చేసి, 'బాయీ, ఇది తోట కాదు, ఎడారిల గొర్లు కాసే పని. యాడికి చెప్పకు' అన్నడు. తండాలో గొడ్ల వెంట పోవుడు నామోషి అని పదో తరగతి దాక చదివినోడు. రెండు లక్షల అప్పు చేసి విమానం ఎక్కి పోయి గొర్లు కాసిండు. చుట్టూ మనిషి అన్నోడు లేడు. నీళ్ల ట్యాంకరు వచ్చిననాడు డ్రైవరుతో నాలుగు మాటలు. అంతే. అకామా సేటు దగ్గర ఉండె. ఖల్లివెల్లి అయితనని, అంటె చెప్పకుండ పారిపోత అని, ఒకసారి అన్నడు. పోలీసులకు దొరికితె ఏమైతదో తెలిసి మల్ల ఆగిండు.

అదే ఏడాది చలికాలం యాడికి దగ్గు మొదలైంది. జగిత్యాలకు తీసుకొచ్చి చూపిస్తె టీబీ అన్నరు. ఆరు నెలలు గోలీలు మింగింది. మొదటి రోజే నా చెయ్యి పట్టుకొని, 'పిలగానికి చెప్పకు. అక్కడ మంచిగ నీడ పట్టున ఉన్నడు, మనాది పెట్టుకుంటడు' అన్నది. ఫోన్ వచ్చిన రోజు నీళ్లు తాగి, గొంతు సవరించుకొని మాట్లాడేది. దగ్గు వస్తదనుకుంటె ఫోన్ నా చేతికి ఇచ్చి బయటికి పోయేది. తమ్ముడు అటు దిక్కు గాలి చప్పుడు వినరాకుండ ఫోన్‌కు తువ్వాల చుట్టుకొని మాట్లాడేది. వాల్లిద్దరు నవ్వుకుంట మాట్లాడుకుంటుంటె నడుమ నేను రెండు మూటలు నెత్తిన పెట్టుకొని నిలబడ్డ. ఇద్దరి మాట నాకు తెలుసు. ఎవరిది ఎవరికి చెప్పరాదు.

ఈ నడుమ నిలబడ్డ మనిషి ఉన్నది చూడండి, నవలాకారుడు అంటె ఆ మనిషే అని నాకు టోబీన్‌ను చదివినంక అనిపించింది. అక్కడ పూర్తిగ ఉన్నోనికి అది ఎరిక ఉండదు, ఇక్కడ పూర్తిగ ఉన్నోనికి ఇది ఎరిక ఉండదు. రెండు దిక్కుల గుట్టు తెలిసినోడు, అయినా ఎవరినీ బజారుకు ఈడ్వనోడు రాయాలె.

'బ్రూక్లిన్' ఆయనకు ఎక్కడ దొరికిందో చదివితె ఇంకా ఆశ్చర్యమైంది. తండ్రి పోయిన రోజుల్లో ఇంటికి పరామర్శకు మనుషులు వస్తనే ఉన్నరట. అట్ల వచ్చిన ఒకామె బ్రూక్లిన్‌లో ఉన్న తన బిడ్డ ముచ్చట చెప్పిందట. 12 ఏండ్ల పిలగాడు మూలకు కూసొని విన్నడు. తండ్రి పోయింది 1967లో, నవల వచ్చింది 2009లో. నలభై ఏండ్లు ఆ మాట ఆయన కడుపులో ఉన్నది.

మన తండాల్లో పరామర్శ ఎట్లుంటదో మీకు తెలుసు. ఆడోల్లు దూరం నుంచే ఏడ్చుకుంట వస్తరు, ఒకరి మెడ మీద ఒకరు తల పెట్టి రాగం తీస్తరు. దాన్నే మనం ఢావ్లో అంటం. పెండ్లినాడు ఆడపిల్లను పంపేటప్పుడు కూడ ఢావ్లోనే. ఆ పిల్ల ఒక్కొక్కరిని పట్టుకొని ఏడ్చుకుంట వాల్లు తనకు చేసినవన్నీ చెప్తది, చేయనివి కూడ చెప్తది. మామూలుగ నోటితో అంటె తన్నులు తినే మాట ఢావ్లోలో అనవచ్చు. నేను నా పెండ్లిలో మా పెదబాపును పట్టుకొని, నన్ను కోరుట్ల హాస్టల్‌కు పంపొద్దని అడ్డం పడ్డ సంగతి రాగం తీసి చెప్పిన. ఆయన ఏడ్చిండు. మాటల్లో చెప్తె కొట్లాట అయ్యేది. అంటె చెప్పరాని మాట చెప్పుకోవడానికి మా జాతి ఆడోల్లు ఎప్పుడో ఒక తొవ్వ తీసి పెట్టిండ్రు.

మగపిల్లలకు ఆ తొవ్వ లేదు. తమ్ముడు పోయిననాడు తండా మలుపు దగ్గర జీపు ఎక్కుతుంటె యాడికి రాగం ఆగలేదు, ఎత్తుకున్నది. పెద్దోల్లు వెంటనే నోరు మూయించిండ్రు. ఢావ్లో చావుకు కూడ పాడ్తరు గదా, పోయేటోనికి అపశకునం అన్నరు. శంషాబాద్ నుంచి వాడు ఒక ఫోటో పంపిండు, కొత్త బ్యాగుతో, నవ్వుకుంట. ఆ ఫోటో యాడి ఇప్పటికీ గూట్లో పెట్టుకున్నది.

ఈ మాట దగ్గర రమేశ్ కార్తీక్ నాయక్‌ను చెప్పుకోకుండ పోరాదు. మనకు పక్క జిల్లానే, నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి మండలం తండా పిలగాడు. 2018లో 'బల్దేర్ బండి' కవితలు, తర్వాత కథల పుస్తకం. ఆ కథల పుస్తకానికి పేరు 'ఢావ్లో' అనే పెట్టిండు. దానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. బహుమతి కంటె నాకు ఆ పేరు ముఖ్యం. అర్థం రాసి, సర్ది, తెలుగు పేరు పెట్టలేదు. మన పదం అట్లనే అట్ట మీద నిలబడ్డది. ఆ పుస్తకం మా బడి లైబ్రరీలో పెట్టిననాడు ఇద్దరు పిల్లలు అట్ట మీది పేరు చూసి నవ్విండ్రు. ఎక్కిరింపు నవ్వు కాదు. ఇంటి మనిషి టీవీలో కనబడితె నవ్వుతరు చూడండి, అట్ల.

రాయాలంటె హైదరాబాద్ పోవాలెనా అని మా పిల్లలు అడుగుతరు. పోతె పోవచ్చు, పోకున్నా రాయవచ్చు. రెండిటికీ మన దగ్గరే మనుషులున్నరు. బి.ఎస్. రాములు జగిత్యాలలో పుట్టిండ్రు, తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డరు. బీడీ కార్మికుల మీద 'బతుకు పోరు' నవల రాసిండ్రు. ఈ మూడు పట్నాల్లో ఏ వాడకు పోయినా చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని కూసున్న ఆడోల్లు కనబడ్తరు. ఆ చాట నవలలోకి ఎక్కింది ఆయన వంటోల్ల చేతులతోనే. పెద్దింటి అశోక్ కుమార్‌ది ఇంకో తీరు. సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలం భీముని మల్లారెడ్డిపేట మనిషి, ఉపాధ్యాయుడు, సిరిసిల్ల దిక్కునే ఉండి రాసిండ్రు. ఎలుగుబంటిని ఆడించి బతికే పేద ముస్లిం ఇంటి కథ 'జిగిరి' చాలా భాషల్లోకి పోయింది. మనిషి ఊర్లో ఉన్నడు, పుస్తకం దేశాలు తిరిగింది. టోబీన్‌ది దానికి ఉల్టా. మనిషి దేశాలు తిరిగిండు, పుస్తకాలు మల్ల మల్ల ఆ ఊరికే తిరిగొచ్చినయి.

నన్నడిగితె ఎక్కడుంటవు అనేది పెద్ద సవాలే కాదు. ఎవరి ఇంట్లో చాప మీద కూసొని ఇంకా వినగలవు అనేది సవాలు. జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నంక తండాకు పండుగకే పోయే మాలాంటి టీచర్లకు హైదరాబాద్ అక్కరలేదు, జగిత్యాలే బ్రూక్లిన్ అయి కూసుంటది. తండాకు, మా ఇంటికి నడుమ గంటన్నర తొవ్వ. అయినా మా చిన్నోడు యాడితో తెలుగులో మాట్లాడ్తడు, ఆమె గోర్‌బోలిలో జవాబు చెప్తది. ఇద్దరు ఒకరికొకరు అర్థమైతరు, కానీ ఒకరి మాట ఒకరి నోట్లో లేదు.

ఈ భాష సంగతిలో కూడ ఐర్లండ్ మనకు అక్కరకు వస్తది. వాల్ల సొంత భాష ఐరిష్. దాని మీద మొదటి దెబ్బ ఇంగ్లీషోల్ల పాలన, తర్వాత 1845 నుంచి 1852 దాక ఆలుగడ్డ పంట కుళ్లి వచ్చిన కరువు. పది లక్షల మంది చచ్చిపోయిండ్రు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కిండ్రు. ఎక్కువ నష్టం ఐరిష్ మాట్లాడే పేదోల్లకే. పిల్లలు బతకాలంటె ఇంగ్లీషు రావాలె అని తల్లిదండ్రులే ఇంట్లో ఐరిష్ బంద్ చేసిండ్రు. 1922లో సొంత ప్రభుత్వం వచ్చినంక బడిలో ఐరిష్ తప్పనిసరి చేసిండ్రు. అయినా ఈనాటికీ ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే. టోబీన్ రాసేది కూడ ఇంగ్లీషులోనే. ఏలినోల్ల భాషలో తన అమ్మ ముచ్చట రాసుకున్నడు. మనకు గోర్‌బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. ఇక్కడ తెలుగు అక్షరాలతో, మహారాష్ట్రలో దేవనాగరితో, కర్ణాటకలో కన్నడ అక్షరాలతో రాసుకుంటున్నం. మనమూ పక్కోల్ల భాషలోనే రాయాల్సినోల్లం. తప్పేం కాదు. కానీ ఐర్లండ్‌ను చూసి ఒకటి నేర్చుకోవచ్చు. బడి ఒక్కటే భాషను నిలపలేదు, వంటింట్లో ఆగిపోతె ప్రభుత్వం జీవో ఇచ్చినా తిరిగిరాదు.

ఇంక ఆ సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డు రాయి కాదు, మట్టి దరి. ప్రతి ఏడూ సముద్రం కొంచెం కొంచెం కోసుకుపోతది. 'ద హెదర్ బ్లేజింగ్' నవలలో ఒక జడ్జి ఎండకాలానికి ఆ ఒడ్డున ఉన్న ఇంటికి వస్తుంటడు. దగ్గరున్న ఇల్లు దరితోపాటు కూలి సముద్రంలో పడ్తుంటది. ఒక గోడ నిలబడి ఉంటది, పక్క గది ఉండదు. ఆ పేజీలు చదివేటప్పుడు నాకు ఐర్లండ్ కనబడలే, మిడ్ మానేరు కనబడ్డది. మాన్వాడ దగ్గర కట్ట కట్టిండ్రు, 25 టీఎంసీల పైచిలుకు నీళ్లు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, చింతలఠాణా, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి — ఇవన్నీ నీళ్ల కిందికి పోయిన ఊర్లు. సముద్రం ఏటా ఒక అడుగు తింటది, ప్రాజెక్టు ఒక్కసారే మింగుతది. తేడా అంతే. నీళ్లు దిగిన ఎండకాలం గోడలు బయటపడితె, కాలనీల నుంచి మనుషులు చూడబోతరు. ఇది మా అరుగు, ఇది మా బాయి అని చూపించుకుంటరు. నీళ్లు వస్తయని అందరికి తెలుసు, మంచికే అని కూడ తెలుసు, పొలాలకు నీళ్లు వద్దనేటోడు ఎవడు? అయినా ఆ అరుగు కాడ కాసేపు నిలబడ్తరు. ఆ ఊర్ల పేర్లు కాలనీ బోర్డుల మీద ఉన్నయి. ఇంకో తరం అయినంక ఆ వాడకట్ల పేర్లు ఎవరి నోట్లో ఉంటయో చెప్పలేం. టోబీన్ ఊరి పేర్లు ఎందుకు మార్చలేదో నాకు ఆ ఒడ్డున అర్థమైంది.

అయితే ఆయనకు మనకు పోలిక ఒక దగ్గర తెగిపోతది, అది కూడ చెప్పాలె. టోబీన్‌కు రెండు ఇండ్లు ఉన్నయి, రెండిటికీ తాళం చెవులు ఆయన జేబులోనే ఉన్నయి. ఎప్పుడు పోవాలె, ఎప్పుడు రావాలె అనేది ఆయన ఇష్టం. మా తమ్మునికి పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉండె. రంధి ఇద్దరిదీ రంధే. కానీ ఒక రంధికి టికెట్ ఉన్నది, ఇంకోదానికి లేదు. వలసను చాలా అందంగ రాసేటోల్లను చదివినప్పుడల్లా నేను ఈ టికెట్ సంగతి అడుగుత. టోబీన్ నాకు నచ్చింది ఎందుకంటె ఆయన ఐలిష్‌కు తన టికెట్ ఇయ్యలేదు. ఆ పిల్ల జేబులో ఎంత ఉన్నదో, పని దుకాణంలో ఎంతసేపు నిలబడ్డదో, ఓడలో వాంతులకు బాత్రూం ఎట్ల దొరకలేదో రాసిండు.

రెండేండ్ల కింద మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చిన. 'మీ ఇంట్ల ఫోన్ల ఎన్నడూ చెప్పని మాట ఒకటి రాయిండ్రి' అన్న. పేరు రాయొద్దు, బయట ఎవరికీ చూపించను అని మాట ఇచ్చిన. సగం మంది ఏం రాయలే. ఒక పిల్ల రాసింది: మా నాయన వీడియో కాల్‌ల ఎప్పుడూ ఒకటే అంగీతోని కనబడ్తడు, అది ఫోన్ కోసమే తొడుక్కుంటడు. ఇంకో పిల్ల రాసింది: మా అమ్మ గొలుసు కుదువ పెట్టింది, నాయన ఫోన్ చేస్తె మెడ మీదికి కొంగు కప్పుకుంటది. ఒక పిలగాడు ఒక్క వాక్యమే రాసిండు: మా అన్న వస్త అంటడు, రాడని మా అందరికి తెలుసు. ఈ మాటలు ఇక్కడ రాయడానికి ఆ పిల్లలను అడిగిన, రాయుమన్నరు. మిగిలినయి వాల్ల నోటు పుస్తకాల్లోనే ఉన్నయి. టీచర్లకు ఒక మాట. ఈ పని పెడితె మార్కులు వేయొద్దు, తప్పులు దిద్దొద్దు, గట్టిగ చదివించొద్దు. పుస్తకం అదే రోజు తిరిగి ఇచ్చేయాలె. ఇంట్లో దాచిన మాటను బడి బజార్లో పెడితె, ఆ పిల్ల ఇంక జన్మలో రాయదు.

తమ్ముడు ఎనిమిదేండ్లకు తిరిగొచ్చిండు. వచ్చిననాటి నుంచి తోట ముచ్చటే చెప్పేది, ఖర్జూర చెట్లు, నీళ్ల పైపులు. యాడి వినేది. ఆమె జబ్బు అప్పటికే నయమైంది, ఆ సంగతి వానికి చెప్పలే. నేను కూడ చెప్పలే. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతడు, పది మేకలున్నయి. పోయిన తీజ్ పండుగకు మేమంత తండాకు పోయినం. పొద్దుగూకే యాల్లకు మేకలు దొడ్లెకు వస్తుంటె తమ్ముడు వేలు చూపించుకుంట లెక్కపెడ్తున్నడు. వాహిద్, ఇత్నేన్, తలాతా. మా చిన్నోడు అదేం భాష మామా అని అడిగిండు. తమ్ముడు కాసేపు ఆగిండు. తర్వాత అక్కడ నూట ఎనభై గొర్లుండె, రోజూ ఇట్లనే లెక్కపెట్టేది, ఒకటి తగ్గితె సేటు జీతంలో కోసేది అని చెప్పిండు. ఒక రాత్రి ఇసుక గాలిలో ఒక గొర్రె ఈనితె, ఆ పిల్లను తన దుప్పట్లో చుట్టుకొని పండుకున్న సంగతి చెప్పిండు. దానికి మా తండా పేరే పెట్టిండట.

యాడి పొయ్యి కాడ బాటీలు చేస్తున్నది. వెనుకకు తిరగలే. పిండి కొడుతనే అడిగింది.

'అన్ని గొర్లకు నీళ్లు ఎక్కడియిరా?'

'ట్యాంకరు వచ్చేది యాడీ.'

'రోజూ వచ్చేదా?'

తమ్ముడు మేకల దిక్కు చూసుకుంట, 'రాకపోయేది' అన్నడు.